ఆ చిన్న పనులు మాకు ఉంచండి: కొత్తవాళ్లకు ఉద్యోగాలిచ్చే పెద్దలకు బహిరంగ లేఖ

నమస్కారం.

మీలో కొందరు కంపెనీలు నడుపుతారు, కొందరు హెచ్‌ఆర్ చూస్తారు, కొందరు పదిమంది ఉన్న టీమ్‌కి మేనేజర్లు. వచ్చే ఏడాది ఎంతమంది ఫ్రెషర్లను తీసుకోవాలి, అసలు తీసుకోవాలా వద్దా అన్నది మీరు కూర్చునే గదుల్లోనే తేలుతుంది. ఆ గదుల్లో మా వయసువాళ్లెవరూ ఉండరు. మా గురించి మాటలు మాత్రం అక్కడ చాలానే నడుస్తాయని తెలుసు. అందుకే ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను డిగ్రీ అయ్యాక 2022 వేసవిలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేరాను. చేరిన కొద్ది నెలలకే, ఆ ఏడాది నవంబర్ 30న, చాట్‌జీపీటీ బయటికొచ్చింది. మొదట్లో సరదాకి వాడాం. ఏడాది తిరిగేసరికి మా టీమ్‌లో ఏఐ ముట్టుకోకుండా పని చేసే మనిషి లేరు. అంటే పాత పద్ధతిలో పని నేర్చుకోవడానికి నాకు దొరికింది కొన్ని నెలలు. నా వెనక వచ్చినవాళ్లకి అదీ దొరకలేదు. ఆ కొన్ని నెలల్లో నాకేం అందిందో, వాళ్లకి ఏది అందకుండా పోతోందో మీకు చెప్పాలనే ఈ ఆరాటమంతా.

యువత ఏఐని ఎలా చూస్తోంది అన్న చర్చ ఎక్కడ జరిగినా రెండే మాటలు వినిపిస్తాయి. వీళ్లకి అన్నీ మెషీనే చేసిపెట్టాలి, బుర్ర పెట్టరు అన్నది ఒకటి. వీళ్లు ఊరికే బెంబేలెత్తుతున్నారు, ప్రతి తరంలోనూ ఏదో ఒక కొత్త యంత్రం వచ్చింది, అందరూ సర్దుకున్నారు, వీళ్లూ సర్దుకుంటారు అన్నది రెండోది. ఈ రెండూ మమ్మల్ని దగ్గర్నుంచి చూసి అన్న మాటలు కావు.

నాతో చదువుకున్నవాళ్ల సంగతే చెప్తాను. ఒకమ్మాయి బొమ్మలు వేస్తుంది. తన బొమ్మలు ఆన్‌లైన్‌లో పెట్టడం మానేసింది, వాటిని చూసి మెషీన్ నేర్చేసుకుంటుందని. అదే అమ్మాయి క్లయింట్లకి పంపే మెయిళ్లు మాత్రం ఏఐతోనే రాయించుకుంటుంది, డబ్బులు గట్టిగా అడగడం తనకి చేతకాదు కాబట్టి. ఒకతను కస్టమర్ సపోర్ట్‌లో చాట్ చూస్తాడు. ఏం జవాబివ్వాలో స్క్రీన్ మీద ఏఐ సూచిస్తుంది. కోపంగా ఉన్న కస్టమర్లతో మాట్లాడేటప్పుడు అది ప్రాణాలు కాపాడుతుందంటాడు. తను ఏ సూచన తీసుకున్నాడు, ఏది మార్చి రాశాడు అన్నదంతా రికార్డవుతోందని, రేపు తన సీటులో కూర్చోబోయేదానికి తనే పాఠం చెప్తున్నట్టుందని కూడా అంటాడు. ఇంకో అమ్మాయి అనువాదాలు చేసేది. ఇప్పుడు మెషీన్ చేసిన అనువాదాన్ని సరిదిద్దే పని ఇస్తున్నారు. తప్పులు ఏరడానికి పట్టే టైము దాదాపు అంతే, చేతికొచ్చేది తక్కువ.

వీళ్లలో ఏఐ వాడనివాళ్లు లేరు. బెంగ లేనివాళ్లూ లేరు. పొద్దున దాన్ని మెచ్చుకున్న మనిషే రాత్రి పడుకోబోయే ముందు రెండేళ్ల తర్వాత నా పని ఉంటుందా అని మెసేజ్ పెడతారు. ఒకే మనిషిలో ఈ రెండూ ఉండటం మీకు వింతగా అనిపించొచ్చు గానీ మాకు రోజూ ఉండేదే. మమ్మల్ని భక్తులు, భయస్తులు అని రెండు డబ్బాల్లో వేసి లెక్క చూసుకుంటే మేమేం అడుగుతున్నామో మీకు వినపడదు.

మేం అడిగేది చెప్పే ముందు ఒక బగ్ కథ, అంటే సాఫ్ట్‌వేర్‌లో దొర్లిన ఒక తప్పు కథ వినాలి మీరు.

చేరిన రెండో నెలలో నాకొక టికెట్ ఇచ్చారు. సరిచేయాల్సిన సమస్యని మా దగ్గర టికెట్ అంటారు. ఒక కస్టమర్ కంప్లయింట్: నెలవారీ రిపోర్టులో అమ్మకాల లెక్క తేడా వస్తోంది. పెద్ద తేడా ఏం కాదు, నెలకి మూడు నాలుగు బిల్లులు. చూడటానికి చిన్న పని, తొందర లేని పని. అందుకే ఫ్రెషర్ చేతికిచ్చారు.

మొదటి రోజంతా కూడికలో తప్పుందేమోనని కోడ్‌లో ఆ ముక్కనే పట్టుకుని వేలాడాను. కూడిక సరిగ్గానే ఉంది. సాయంత్రానికి ఏడుపు ఒక్కటే తక్కువ. మా టీమ్‌లో సీనియర్ మేడమ్ ఒకరు నా సీటు దగ్గరికొచ్చి కాసేపు స్క్రీన్ చూశారు. "కోడ్ మూసెయ్. తేడా వచ్చిన బిల్లులు మాత్రం కాగితం మీద రాసుకో. ఏ రోజు, ఎన్నింటికి అయ్యాయో పక్కన వేసుకో" అని చెప్పి వెళ్లిపోయారు. మర్నాడు పొద్దున్నే కూర్చుని రాశాను. మూడు నెలలవి కలిపి పదకొండు బిల్లులు. పదకొండూ నెలాఖరు రోజు రాత్రి పొద్దుపోయాక అయినవే. పెన్ను పక్కన పెట్టి కాసేపు అలా చూస్తూ ఉండిపోయాను. మా డేటాబేస్ టైముని యూటీసీలో, అంటే ప్రపంచమంతటికీ ఉమ్మడిగా పెట్టుకున్న గడియారం ప్రకారం దాచుకుంటుంది. ఆ కస్టమర్ ఉన్న చోట ఇంకా నెలాఖరు రాత్రే, యూటీసీలో మాత్రం అప్పటికే ఒకటో తారీఖు వచ్చేసింది. రిపోర్టు ఆ బిల్లుల్ని తీసుకెళ్లి తర్వాతి నెలలో వేస్తోంది.

సరిచేయడానికి పది నిమిషాలు పట్టింది. వెతకడానికి రెండు రోజులు పట్టింది. మేడమ్‌కి సంగతి మొదటి ఐదు నిమిషాల్లోనే అర్థమైపోయిందని నాకు చాలా రోజుల తర్వాత తెలిసింది. ఆవిడ చేసుంటే పావుగంటలో అయిపోయే పని. అయినా నన్ను వెతకనిచ్చారు, నా రెండు రోజుల జీతం కంపెనీ భరించింది.

రెండేళ్లు గడిచాయి. నా తర్వాత చేరిన అబ్బాయికి దాదాపు అలాంటి టికెట్టే వచ్చింది, వేరే రిపోర్టులో. అతను ఏఐ టూల్‌ని అడిగాడు. క్షణాల్లో జవాబొచ్చింది. ప్రతి బిల్లు టైములోంచి ఇన్ని గంటలు తీసెయ్ అని ఒక లైను కోడ్. పెట్టి చూశాడు, లెక్క సరిపోయింది. "టెస్టులన్నీ పాసయ్యాయి అక్కా" అని సరిచూడమని నాకు రివ్యూకి పంపాడు. చూడగానే నా గుండె ఝల్లుమంది. టెస్టులో ఉన్నది ఒకే కస్టమర్ డేటా. వేరే దేశంలో ఉన్న కస్టమర్‌కి ఆ లైను వల్ల సరైన బిల్లులే తప్పు తారీఖులోకి వెళ్తాయి. ఏడాదికి రెండుసార్లు గడియారాన్ని గంట ముందుకీ వెనక్కీ జరిపే దేశాలున్నాయి. అక్కడైతే అదే కస్టమర్‌కి సగం ఏడాది ఒప్పు, సగం ఏడాది తప్పు.

ఆ అబ్బాయి తెలివిలో నాకంటే పైనే. కోడ్ నాకంటే వేగంగా రాస్తాడు, నాకంటే శుభ్రంగా రాస్తాడు. మా ఇద్దరికీ ఉన్న తేడా ఆ రెండు రోజులే. కాగితం మీద పదకొండు టైములు రాసుకుని వాటిని తేరిపార చూసిన ఆ పొద్దున అతనికి లేదు. అతనికెవరూ ఇవ్వలేదు. చెప్పుకోవడానికి బాధగా ఉంది, నేనూ ఇవ్వలేదు. డెడ్‌లైన్ మర్నాడే. తప్పెక్కడుందో ఐదు నిమిషాల్లో చెప్పేసి, సరైన పద్ధతి చూపించేసి నా పనిలో పడ్డాను. అతను తలూపాడు. నాకు మేడమ్ చేసిన మేలు నేను అతనికి చేయలేకపోయాను.

మీరు తీసేస్తున్నవి ఇలాంటి పనులు. లెక్కల్లో చిన్న తేడా వెతకడం, మీటింగ్‌లో మాట్లాడినవి నోట్స్ రాయడం, ఎవరో రాసిన పాత కోడ్ చదివి అదేం చేస్తోందో రెండు పేరాల్లో చెప్పడం, కస్టమర్‌కి మొదటి జవాబు రాయడం, రిపోర్టుకి చిత్తుప్రతి తయారుచేయడం. ఇవన్నీ ఏఐ చేసేస్తోంది, ఇక జూనియర్లతో పనేముంది అని మీ లెక్క. పని అయిపోతోంది, నిజమే. కానీ ఆ పనుల్లో పని అవ్వడం ఒక్కటే లేదు. వాటిని చేస్తూ చేస్తూ ఒక మనిషి తయారయ్యేవాడు. మీరూ అలాగే తయారయ్యారు కదా. మీ మొదటి ఏడాదిలో మీకిచ్చిన పనులు ఒకసారి గుర్తు చేసుకోండి. వాటిలో ఎన్ని కంపెనీకి నిజంగా అర్జెంటు? ఎన్ని మీకు చెయ్యి తిరగడం కోసం ఇచ్చినవి?

లిజాన్ బైన్‌బ్రిడ్జ్ అనే పరిశోధకురాలు 1983లోనే ఈ చిక్కుని పట్టుకున్నారు. ఆవిడ రాసింది ఫ్యాక్టరీల కంట్రోల్ రూముల గురించి. మెషీన్లే నడుపుతుంటాయి, మనుషులు పక్కన కూర్చుని గమనిస్తుంటారు. అలా గమనిస్తున్నవాళ్లంతా ఒకప్పుడు చేత్తో నడిపినవాళ్లు కాబట్టి తేడా వస్తే పసిగట్టగలుగుతున్నారు, మెషీన్లున్న గదిలోనే మొదలుపెట్టే తర్వాతి తరానికి ఆ నైపుణ్యం ఎక్కడి నుంచి వస్తుంది అని అడిగారు. నలభై ఏళ్లు దాటింది. ఇప్పుడు మీ ఆఫీసుల్లో ఏఐ రాసినదాన్ని సరిచూస్తున్న సీనియర్లు సరిగ్గా ఆ మొదటి తరం. వాళ్ల దగ్గరున్న సరుకు పాత రోజుల్లో సంపాదించినది. అది నింపుకునే దారి మూసేసి, ఉన్నదాన్ని వాడుకుంటున్నారు.

ఆపరేషన్ థియేటర్లలో ఇది కళ్లముందే జరిగింది. మ్యాట్ బీన్ అనే పరిశోధకుడు రోబోతో చేసే సర్జరీల్లో ట్రైనీ డాక్టర్ల పరిస్థితిని దగ్గరుండి గమనించారు. మామూలు ఆపరేషన్‌లో పెద్ద డాక్టర్‌కి రెండో జత చేతులు కావాలి, కాబట్టి ట్రైనీకి పని దొరికేది. రోబో వచ్చాక పెద్ద డాక్టర్ ఒక్కరే దాన్ని నడిపే కన్సోల్ దగ్గర కూర్చుని చాలావరకు చేసేయగలరు. ట్రైనీ చూస్తూ కూర్చునేవాడు. చూస్తూ కూర్చుని సర్జరీ నేర్చుకున్నవాళ్లు చాలా తక్కువ. ఎవరూ వాళ్లకి అన్యాయం చేయాలనుకోలేదు. పని త్వరగా, శుభ్రంగా అవ్వాలనుకున్నారు, అంతే.

చదువులోనూ అంతే. టర్కీలో ఒక హైస్కూల్లో దాదాపు వెయ్యి మంది పిల్లల మీద లెక్కల క్లాసులో ఒక ప్రయోగం చేశారు. మామూలు చాట్‌బాట్ చేతికిచ్చిన పిల్లలు ప్రాక్టీసులో మిగతావాళ్లకంటే 48 శాతం మెరుగ్గా చేశారు. తర్వాత అది లేకుండా పరీక్ష పెడితే, అసలు చాట్‌బాట్ వాడని పిల్లలకంటే 17 శాతం వెనకబడ్డారు. నాకు ఇందులో నచ్చింది తర్వాతి సంగతి. ఇంకో గుంపుకి జవాబు చెప్పకుండా దారి మాత్రమే చూపించేలా తయారుచేసిన చాట్‌బాట్ ఇచ్చారు. ఆ పిల్లలు ప్రాక్టీసులో 127 శాతం మెరుగ్గా చేశారు, పరీక్షలో ఆ నష్టం కూడా చాలావరకు రాలేదు. టెక్నాలజీ అదే. దాన్ని ఎలా చేతికిచ్చారన్నదే మారింది. కోడ్ మూసేసి కాగితం తియ్యమని నాకు మేడమ్ చెప్పింది కూడా ఇలాంటిదే.

ఇక ఉద్యోగాల లెక్కకి వద్దాం. స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ పరిశోధకులు 2025 ఆగస్టులో అమెరికా జీతాల రికార్డులు పరిశీలించి ఒక విషయం బయటపెట్టారు. ఏఐ ప్రభావం ఎక్కువగా ఉన్న వృత్తుల్లో, 22 నుంచి 25 ఏళ్ల వాళ్ల ఉద్యోగాలు 2022 చివరి నుంచి మిగతావాళ్లతో పోలిస్తే 13 శాతం తగ్గాయి. అవే వృత్తుల్లో అనుభవం ఉన్నవాళ్ల ఉద్యోగాలు నిలకడగా ఉన్నాయి, కొన్నిచోట్ల పెరిగాయి. ఏఐ మనిషి పనిని పూర్తిగా తన చేతిలోకి తీసుకున్న చోటే ఈ తగ్గుదల ఎక్కువగా కనిపించింది, మనిషికి సాయంగా ఉన్న చోట కనిపించలేదు. ఇందులో వడ్డీ రేట్ల పాత్ర ఎంత, కోవిడ్ రోజుల్లో అవసరానికి మించి తీసుకున్న ఉద్యోగుల పాత్ర ఎంత అని ఆర్థికవేత్తలు ఇంకా వాదించుకుంటున్నారు. వాదించుకోనివ్వండి. కానీ ఆ పరిశోధకులు ఇచ్చిన ఒక వివరణ నన్ను వదలడం లేదు. పుస్తకంలో దొరికే జ్ఞానాన్ని ఏఐ తేలిగ్గా అందుకుంటుంది, పని చేస్తూ వంటబట్టిన జ్ఞానాన్ని అంత తేలిగ్గా అందుకోలేదు. అప్పుడే చదువు ముగించి వచ్చినవాళ్ల దగ్గర ఉండేది మొదటిదే. రెండోది మీ ఆఫీసుల్లో దొరకాలి. మీరు తలుపు మూస్తే ఇంకెక్కడా దొరకదు.

మీలోనే రెండు రకాల మాటలు వింటున్నాం. కొత్తవాళ్లు చేరే ఆఫీసు ఉద్యోగాల్లో సగం ఐదేళ్ల లోపే పోవచ్చని ఏఐ కంపెనీ ఆంత్రోపిక్ అధినేత డారియో అమోడేయ్ 2025 మే నెలలో అన్నారు. అదే ఏడాది ఆగస్టులో అమెజాన్ వెబ్ సర్వీసెస్ అధిపతి మ్యాట్ గార్మన్, జూనియర్ల బదులు ఏఐని పెట్టుకోవడం తాను విన్న అతి తెలివితక్కువ మాటల్లో ఒకటని అన్నారు. ఏఐ తయారుచేసి అమ్మేవాళ్లలోనే ఇంత తేడా ఉందంటే, ఇది ముందే రాసిపెట్టి ఉన్న తలరాత కాదని అర్థం. మీరు తీసుకునే నిర్ణయం అది. వేరేలా కూడా తీసుకోవచ్చు.

కొత్తవాళ్లని తీసుకోమని మీ జాలి మీద ఆధారపడి అడగడం లేదు. 5,179 మంది కస్టమర్ సపోర్ట్ ఉద్యోగుల మీద చేసిన ఒక అధ్యయనం 2023లో వెలువడింది. ఏఐ సాయంతో వాళ్ల ఉత్పాదకత సగటున 14 శాతం పెరిగింది. కొత్తగా చేరినవాళ్లలో, నైపుణ్యం తక్కువ ఉన్నవాళ్లలో 34 శాతం పెరిగింది. బాగా అనుభవం ఉన్నవాళ్లకి పెద్దగా ఒరిగిందేమీ లేదు. ఎందుకంటే ఆ ఏఐ నేర్చుకున్నదే వాళ్ల జవాబుల నుంచి. మంచి ఉద్యోగి కోపిష్టి కస్టమర్‌తో ఎలా మాట్లాడతాడో చూసి, దాన్నే కొత్త ఉద్యోగికి అందించింది. దీన్నుంచి నాకు రెండు సంగతులు అర్థమయ్యాయి. ఏఐ వల్ల అందరికంటే ఎక్కువ లాభపడేది కొత్తవాళ్లే, కాబట్టి ఇంతకుముందు కంటే త్వరగా వాళ్లు మీకు పనికొస్తారు. రెండోది, ఆ మెషీన్ మింగిన అనుభవం ఎవరో మనుషులు ఏళ్ల తరబడి సంపాదించినది. కొత్త మనుషులు అనుభవజ్ఞులు కావడం ఆగిపోతే, రేపు మారిన కస్టమర్లతో, మారిన సరుకు గురించి ఎలా మాట్లాడాలో అది ఎవర్ని చూసి నేర్చుకుంటుంది?

ఇప్పుడు మేం అడిగేవి చెప్తాను.

ప్రతి టీమ్‌లోనూ కొన్ని పనులు నేర్చుకోవడం కోసమే పక్కన పెట్టండి. ఏఐని నిషేధించమని అనడం లేదు. ముందు మనిషి తనంతట తను ప్రయత్నించాలి, తప్పో ఒప్పో ఒక జవాబు కాగితం మీద పెట్టాలి, ఆ తర్వాత ఏఐని అడిగి రెండూ పోల్చుకోవాలి. వారానికి ఒకటి రెండు పనులు ఇలా చేసినా చాలు. దానికి పట్టే టైము వృథా టైము కింద రాయకండి. అలాగే పక్కన కూర్చుని నేర్పే సీనియర్‌కి ఆ గంటలు అప్రైజల్‌లో కలపండి. ఇవాళ మీ లెక్కల్లో టికెట్లు ఎన్ని మూశామన్నదే కనిపిస్తుంది. జూనియర్‌కి చెప్పకుండా వెతకనిచ్చిన సీనియర్ ఆ లెక్కలో నష్టపోతారు. నాకు నేర్పిన మేడమ్ ఆ నెల ఎన్ని టికెట్లు మూశారో నేనెప్పుడూ చూడలేదు, కానీ నా వల్ల తగ్గే ఉంటాయి. ఏఐ వల్ల గంటలు మిగులుతున్నాయని మీరే చెప్తున్నారు కదా. మిగిలిన వాటిలో కొన్నైనా ఇటు మళ్లించండి.

ఏఐ వాడొచ్చా కూడదా అన్నది నోరు తెరిచి చెప్పండి. ఇది చిన్న విషయంలా ఉంటుంది గానీ మా వయసువాళ్లని లోలోపల తినేస్తున్నది ఇదే. నా స్నేహితురాలిని ఒక ఇంటర్వ్యూలో "పనిలో ఏఐ వాడతారా?" అని అడిగారు. అడిగిన ఆయన ముఖంలో ఏ భావమూ లేదు. వాడతానంటే సొంతంగా చేతకాదనుకుంటారేమో, వాడనంటే పాతకాలం మనిషి అనుకుంటారేమో. రెండు క్షణాలు తటపటాయించి, "అవసరమైతే" అంది. ఆ తటపటాయింపే తన ఉద్యోగం పోగొట్టిందని ఇప్పటికీ అనుకుంటుంది. ఉద్యోగాల్లో చేరాక కూడా ఇదే టెన్షన్. ఏ పనికి వాడొచ్చో రాసిపెట్టి ఉండదు. కాబట్టి వాడతాం, చెప్పం. మేనేజర్ వస్తుంటే ఆ ట్యాబ్ మూసేస్తాం. దాచిపెట్టుకుని చేసే పనిలో తప్పు జరిగితే ఎవరినీ అడగలేం. కంపెనీ రహస్యాలు, కస్టమర్ల వివరాలు ఏ చాట్‌బాట్‌లోకి వెళ్తున్నాయో మీకు తెలియకపోవడానికి కూడా ఈ దాపరికమే కారణం. ఏ డేటా బయటికి పోకూడదు, ఏ పనికి ఏ టూల్, ఏది వాడినప్పుడు పైవాళ్లకి చెప్పాలి అన్నది ఒక పేజీలో రాసి, అందరికీ ఒకటే నియమం పెట్టండి. మేనేజర్లకి కూడా.

రెజ్యూమేలు వడపోసే మెషీన్ల గురించి ఎక్కువ చెప్పను, మీకు తెలియనిది కాదు. మేం ఏఐతో అప్లికేషన్ రాస్తున్నాం, మీరు ఏఐతో దాన్ని తోసేస్తున్నారు, మధ్యలో ఒక మనిషి కళ్లలో కూడా పడకుండానే వందల అప్లికేషన్లు పోతున్నాయి. అమెజాన్ ఇలాంటి ఒక టూల్‌ని తయారుచేసి, అది మహిళల రెజ్యూమేలకి తక్కువ మార్కులేస్తోందని తేలాక పక్కన పెట్టేసిందని 2018లో బయటికొచ్చింది. పాత నియామకాల నుంచి నేర్చుకుంది, పాత పక్షపాతమూ నేర్చుకుంది. 2024 ఆగస్టులో అమల్లోకి వచ్చిన యూరోపియన్ యూనియన్ ఏఐ చట్టం నియామకాల్లో వాడే ఏఐని హై రిస్క్ జాబితాలో పెట్టింది. చట్టం ఉన్నా లేకపోయినా, మెషీన్ తోసేసిన మనిషికి ఆ సంగతి చెప్పండి, ఇంకోసారి మనిషి చేత చూపించుకునే దారి ఇవ్వండి.

ఏఐ రాసిందా మనిషి రాశాడా అని తేల్చే డిటెక్టర్లను నమ్మి ఎవరినీ మోసగాళ్లని చేయకండి. చాట్‌జీపీటీని తయారుచేసిన ఓపెన్‌ఏఐ తన సొంత డిటెక్టర్‌నే కచ్చితత్వం చాలక 2023 జులైలో ఉపసంహరించుకుంది. అదే ఏడాది స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ఏడు డిటెక్టర్లను పరీక్షిస్తే, ఇంగ్లిష్ మాతృభాష కానివాళ్లు సొంతంగా రాసిన వ్యాసాల్లో సగానికి పైగా ఏఐ రాసినవని అవి చెప్పాయి. పరాయి భాషలో జాగ్రత్తగా, తేలిక మాటలతో రాసేవాళ్లం మేమంతా. అదే మా నేరమైపోతోంది. అనుమానముంటే పిలిచి పక్కన కూర్చోబెట్టుకుని అడగండి. పది నిమిషాలు మాట్లాడితే తెలిసిపోతుంది, ఎవరికి పని వచ్చో ఎవరికి రాదో.

మొదటి ఉద్యోగానికి రెండు మూడేళ్ల అనుభవం అడిగే ప్రకటనలు మాత్రం దయచేసి తీసేయండి. ఆ అనుభవం మేం ఎక్కడ తెచ్చుకోవాలి?

మా వైపు నుంచి కూడా మాట ఇవ్వాలి, ఇస్తాం. అర్థం కాని కోడ్‌ని, చదవని రిపోర్టుని మా పేరు మీద పంపం. ఏఐ రాసిచ్చింది కాబట్టి తప్పు నాది కాదు అన్న మాట మా నోట రానివ్వం. కొంతమంది అలా అంటున్నారు, నేనూ విన్నాను, సిగ్గుపడ్డాను. మేం నెమ్మదిగా పని చేసే రోజులుంటాయి. ఆ రోజుల్లో మమ్మల్ని కాస్త ఓర్చుకోమని అడుగుతున్నాం. ఆ ఓర్పుకి తగ్గ మనుషులం అవుతాం.

వచ్చే నెల మా టీమ్‌లోకి ఒకమ్మాయి ఇంటర్న్‌గా వస్తోంది. ఆర్నెల్లకి. ఉద్యోగం ఇస్తారో లేదో ఇంకా తెలియదు. ఆ అమ్మాయి కోసం ఒక పాత టికెట్ పక్కన పెట్టి ఉంచాను. రిపోర్టులో నాలుగు బిల్లుల తేడా. కారణం నాకు తెలుసు. ఈసారి చెప్పను. ఒక తెల్ల కాగితం, పెన్ను తన టేబుల్ మీద పెట్టి, నా సీటులోకొచ్చి కూర్చుంటాను. తనకి రెండు రోజులు పడుతుంది, మూడు పట్టినా పట్టొచ్చు. ఆ మూడు రోజులూ మా ఇద్దరి పేర్ల పక్కన మీ లెక్కల్లో ఏమని రాసుకుంటారో మీరు చెప్పాలి.

ఇట్లు,
2022లో మొదటి ఉద్యోగంలో చేరిన ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని